పేపర్లో రేటు ఒకటి, కొట్లో రేటు ఒకటి: విశాఖలో గుడ్డుకీ కోడికీ ధర ఎలా కుదురుతుంది

చెల్లెమ్మా, మీరు అడిగింది ఇదీ: మధురవాడలో మెస్సు పెట్టారు, 120 మంది పిల్లలు తింటారు, వారానికి మూడు పూటలు గుడ్డు, బుధవారం, ఆదివారం చికెన్. పేపర్లో విశాఖ గుడ్డు రేటు చూసి సప్లయర్‌ని అడిగితే అతను ఎప్పుడూ దానికి పైనే చెప్తున్నాడు, చికెన్ అయితే అసలు పొంతనే లేదు. ఎవరు మోసం చేస్తున్నారు, ఏడాదికి ఒకే రేటు మాట్లాడేసుకుంటే గొడవ వదులుతుందా, పోనీ ఆనందపురం వైపు ఫారాల నుంచే నేరుగా తెచ్చుకుంటే ఎలా ఉంటుంది అని.

నేను ఇరవై రెండేళ్ళు ఈ వ్యాపారంలోనే ఉన్నాను. గుడ్లు హోల్‌సేల్, మధ్యలో ఆరేళ్ళు కోళ్ళ లారీ కూడా. ఇప్పుడు కొట్టు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. కాబట్టి ఎవరినీ వెనకేసుకురావాల్సిన పని నాకు లేదు. మోసం అన్న మాట ముందు పక్కన పెట్టండి. మీరు చూస్తున్నవి రెండు వేరు వేరు రేట్లు, అంతే.

ముందు గుడ్డు సంగతి. పేపర్లో విశాఖ పేరుతో వచ్చేది నెక్ రేటు, అంటే జాతీయ గుడ్ల సమన్వయ కమిటీ చెప్పేది. 1982లో డాక్టర్ బి.వి. రావు గారి పూనికతో రైతులు పెట్టుకున్న సంస్థ అది. అంతకు ముందు గుడ్డు రేటు దళారి చెప్పిందే వేదం. పెంచేవాడు తన గుడ్డుకి తాను ధర చెప్పలేని రోజులవి. అందుకే 'నా గుడ్డు, నా ధర, నా జీవితం' అన్న నినాదంతో మొదలైంది. విశాఖ, విజయవాడ, తూర్పుగోదావరి, పశ్చిమగోదావరి, చిత్తూరు, హైదరాబాదు, నమక్కల్, బర్వాలా, ఇలా ఒక్కో కేంద్రానికి ఒక్కో రేటు, 100 గుడ్లకి ఇంత అని. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అది సూచన మాత్రమే, ఆ రేటుకే అమ్మాలని ఎవరి మీదా కట్టడి లేదు. ఆ మాట వాళ్ళే చెప్తారు. రెండోది, అది టోకు రేటు. మీ గుమ్మం దగ్గర పన్నెండు అట్టలు దింపే రేటు కాదు.

లెక్క కోసం నెక్ రేటు 600 అనుకుందాం. (ఇవాళ్టి రేటు ఇదే అని కాదు, గుండ్రంగా ఉంటుందని తీసుకున్నాను.) గుడ్డు ఆరు రూపాయలు, 30 గుడ్ల అట్ట 180, ఏడు అట్టల పెట్టె, అంటే 210 గుడ్లు, 1,260. ఫారం దగ్గర పెట్టె ఎత్తినవాడికి కిరాయి, హమాలీ ఉంటాయి. దారిలో నూటికి ఒకటో రెండో పగులుతాయి. మా రోడ్ల మీద వర్షాకాలంలో మూడు కూడా పగిలిన రోజులున్నాయి. ఆపైన అతని లాభం. తర్వాత మీలాంటి వాళ్ళకి చిన్న బండి మీద పంచేవాడు, వారం పది రోజులు అప్పు ఇచ్చేవాడు ఇంకొకడు. ఇన్ని చేతులు మారి మీ దగ్గరికి అట్ట 187కో 190కో వచ్చిందంటే అది దోపిడీ కాదు. 200 అంటే మాత్రం నేనైతే ఒప్పుకోను. కిరాణా కొట్లో ఏడు రూపాయలకి విడిగుడ్డు అమ్ముతున్నాడంటే అదీ ఇందులో నుంచే పుట్టిన లెక్క.

ఇక ఈ 600 అనేది పొద్దున్నే ఎక్కడి నుంచి ఊడిపడుతుంది? చాలామంది విశాఖలో జనం ఎన్ని గుడ్లు తిన్నారన్న దాన్ని బట్టి అనుకుంటారు. అది కొంత వరకే. మన గుడ్డు రేటు సగం కలకత్తాలో తేలుతుంది. అనపర్తి, పెద్దాపురం, మండపేట, తణుకు చుట్టుపక్కల పుట్టే గుడ్డు లారీలకెత్తి 16వ నంబరు హైవే మీద అనకాపల్లి, విశాఖ, శ్రీకాకుళం దాటి ఒడిశా, బెంగాల్, ఆ పైన బీహార్, అస్సాం వెళ్తుంది. చలికాలం వచ్చి అక్కడ గుడ్డు వాడకం పెరిగితే లారీలు ఆగకుండా పోతాయి, ఇక్కడ ఫారం దగ్గర గుడ్డు మిగలదు, మన ఊళ్ళో ఎవరూ ఒక్క ఆమ్లెట్ అదనంగా తినకపోయినా రేటు ఎక్కుతుంది. కార్తీకమాసంలో అయ్యప్ప మాలలు వేసుకుని సగం ఊరు గుడ్డు ముట్టని రోజుల్లో కూడా గుడ్డు రేటు ఎక్కడం చూసి మా కొట్టుకొచ్చే ఆడవాళ్ళు దెబ్బలాడేవారు. "ఏటి బావూ, తినీవోలే లేరు, రేటెలాగ పెరిగీసింది?" అని. వాళ్ళ ప్రశ్న న్యాయమైనదే. జవాబు మాత్రం హౌరాలో ఉంది.

అందుకే వేసవిలో తిరగబడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండకి గుడ్డు తినడం తగ్గుతుంది, బడులు మూసేస్తే మధ్యాహ్న భోజనం గుడ్డు ఆగుతుంది, ఉత్తరాది లాగుడు సన్నగిల్లుతుంది. కోడి మాత్రం సెలవు పెట్టదు కదా, రోజూ పెడుతూనే ఉంటుంది. గుడ్డు ఎండలో ఎక్కువ రోజులు నిలవదు. రైతు ఏ రేటుకైనా వదిలించుకోవాల్సిందే. వేసవి అడుగుకీ చలికాలం శిఖరానికీ మధ్య గుడ్డుకి రూపాయిన్నర, రెండు రూపాయల తేడా నేను చాలా ఏళ్ళు చూశాను. మీ ఏడాది కాంట్రాక్టు ఆలోచనకి జవాబు ఇక్కడే ఉంది, దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

రైతు వైపు నుంచి కూడా ఒక్క మాట, ఎందుకంటే అందరూ వాడినే తిడతారు. గుడ్ల కోడి రోజుకి 110 గ్రాముల మేత తింటుంది. వంద కోళ్ళు రోజుకి తొంభై గుడ్ల దాకా పెట్టే మంచి మందలో కూడా గుడ్డుకి 120 నుంచి 125 గ్రాముల మేత పడుతుంది. కిలో మేత 30 రూపాయలు అనుకుంటే మేత ఖర్చే మూడు రూపాయల డెబ్బై అయిదు పైసల దాకా. దానికి కూలి, కరెంటు, మందులు, అయిదు నెలలు గుడ్డు పెట్టకుండా పిల్లని సాకిన ఖర్చు కలపండి. ఆ మేతలో సగానికి పైగా మొక్కజొన్న. మొక్కజొన్నకి ఇథనాల్ ఫ్యాక్టరీలు కూడా పోటీకి వచ్చాయి. కేంద్రం మద్దతు ధరే 2023-24లో క్వింటా 2,090 ఉంటే 2025-26కి 2,400 అయింది. మొక్కజొన్న వేసిన విజయనగరం రైతుకి అది మంచిదే, నేను కాదనను. కానీ పాత రోజుల్లో మూడున్నరకి గుడ్డు దొరికేదని ఎవరైనా అంటే, అప్పుడు మొక్కజొన్న ఎంతుండేదో కూడా అడగండి.

చికెన్ లెక్క వేరే. అక్కడే మీకు పొంతన కుదరనిది.

బ్రాయిలర్‌కి మూడు నాలుగు రేట్లు ఏకకాలంలో నడుస్తాయి. ఫారం రేటు, కొట్టు దగ్గర లైవ్ రేటు (అంటే ప్రాణంతో ఉన్న కోడిని తూచే రేటు), స్కిన్‌తో కోసిన రేటు, స్కిన్‌లెస్ రేటు. ఒక పేపర్లో వేసేది ఒకటి, ఇంకో పేపర్లో వేసేది ఇంకొకటి, ఫోన్లలో తిరిగేది మరొకటి. మీరు ఫారం రేటు చూసి స్కిన్‌లెస్ కొంటే గుండె ఆగినంత పని అవుతుంది. రెండు కిలోల కోడి కోస్తే స్కిన్‌తో కిలో 400 నుంచి 450 గ్రాములు, తోలు తీస్తే కిలో 300 గ్రాములు మిగులుతుంది. ఫారం దగ్గర కిలో 120 అనుకోండి. లారీలో వస్తూ కోడి బరువు తగ్గుతుంది, దాన్ని తరుగు అంటాం. ఎండాకాలం కొన్ని దారిలోనే చస్తాయి. అవన్నీ కలిసి కొట్టు దగ్గర లైవ్ 140 అవుతుంది. రెండు కిలోల కోడి 280. దాన్ని కిలో 300 గ్రాముల మాంసానికి పంచితే కిలో 215. ఇంకా కోసినవాడి కూలి, కొట్టు అద్దె, చెత్త ఎత్తించే ఖర్చు కలవలేదు. అవి వేసి 230 బోర్డు పెడితే మీకు 120కీ 230కీ పొంతన లేదనిపిస్తుంది. ఉంది. నోటి లెక్కకి కావాలంటే, కొట్టు లైవ్ రేటుని ఒకటిన్నరతో హెచ్చించి కాస్త పైన వేసుకోండి, స్కిన్‌లెస్ అక్కడక్కడే తిరుగుతుంది. దానికి బాగా దూరంగా ఉంటే అప్పుడు అడగండి.

చికెన్ రేటు ఎందుకంత ఊగుతుందన్నది నలభై రోజుల కథ. ఇవాళ ఫారంలో వేసిన పిల్ల నలభై, నలభై రెండు రోజులకి రెండు కిలోలై బయటికొస్తుంది. మన దగ్గర ఎక్కువ ఫారాలు కంపెనీ పెంపకాలే. పిల్ల, మేత, మందు కంపెనీవి, షెడ్డూ కష్టమూ రైతువి, రైతుకి కిలోకి ఇంత అని పెంపకం కూలి. (రేటు 300 అయిన రోజున కూడా ఆ రైతు చేతికి ఆ 300 రాదు, ఇది చాలామందికి తెలీదు.) రేటు బాగుంటే కంపెనీలన్నీ పిల్లల్ని ఎక్కువ వేస్తాయి, ఆరు వారాలకి కోడి గుట్టలు పడి రేటు కూలుతుంది. కూలితే పిల్లల్ని తగ్గిస్తాయి, ఆరేడు వారాలకి కోడి దొరకదు, రేటు ఎగుస్తుంది. ఇంతకంటే పెద్ద రహస్యమేమీ లేదు ఇందులో.

దీన్ని నేను కళ్ళారా చూసింది 2020లో. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కోడి తింటే కరోనా వస్తుందని ఫోన్లలో పుకారు పుట్టింది. పట్టుకెళ్ళండ్రా బాబూ అన్నా పట్టుకెళ్ళేవాడు లేడు. మేత దండగని కొత్తగా పిల్లల్ని వేయడం మానేశారు. నా లారీ కోళ్ళని నేను కిరాయికి సరిపడా రేటుకి కూడా అమ్మలేకపోయాను. అదే కోడి ఏప్రిల్ చివరికి, మే నెలకి కావాలంటే లేదు. లాక్‌డౌన్‌లో జనం ఇంట్లోనే ఉండి తినడం మొదలెట్టారు, షెడ్లు ఖాళీ. స్కిన్‌లెస్ 300 దాటింది. మార్చిలో ఏడ్చినవాడికి మేలో అమ్మడానికి సరుకు లేదు. నేను ఆ మార్చిలోనే లారీ అమ్మేశాను, అది వేరే కథ.

విశాఖ వరకే పనికొచ్చే గుర్తులు కొన్ని చెప్తాను, వీటిని క్యాలెండర్ మీద రాసుకోండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, తూర్పు తీరంలో మర పడవల వేట నిషేధం. ఫిషింగ్ హార్బర్ బోసిపోతుంది, చేప తినే ఊరు కోడి మీద పడుతుంది. అదే సమయంలో ఎండకి ఫారాల్లో కోడి చస్తుంది, బరువు ఎక్కదు, పైగా పెళ్ళిళ్ళు. గుడ్డు చవకైన ఆ నెలల్లోనే చికెన్ మండిపోవడం అందుకే. మీరు మెనూ వేసుకునేటప్పుడు ఆ రెండు నెలలు బుధవారం చికెన్ తీసి గుడ్డు కూర పెట్టారంటే పిల్లలు కొంచెం సణుగుతారు గానీ లెక్క నిలబడుతుంది. శ్రావణంలో కోడి రేటు తగ్గుతుంది. కార్తీకంలో ఇంకా తగ్గుతుంది. ఆ తర్వాత వచ్చే మార్గశిరం బయటి ఊళ్ళ వ్యాపారులకి అర్థం కాదు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారికి ఆ నెలంతా గురువారాలు విశేషం కదా, పూర్ణా మార్కెట్ చుట్టుపక్కల కోడి కొట్లకి ఆ గురువారాలు ఈగలు తోలుకోవడమే. శుక్రవారానికి కోడి మిగిలిపోయి ఉంటుంది, బేరం ఆడగలిగితే అప్పుడు ఆడండి. డిసెంబరు 31 రాత్రి, కనుమ, ముక్కనుమ రోజుల్లో మాత్రం బేరం మాట ఎత్తకండి, దొరికిందే మహాప్రసాదం.

తుపాన్లని క్యాలెండర్ మీద రాసుకోలేం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు మా వైపు షెడ్ల రేకులు గాలికి లేచిపోయాయి, కోళ్ళు వానలో తడిసి చచ్చాయి. ఒక వారం ఊళ్ళో గుడ్డు అంటే గుడ్డు లేదు. అదే రోడ్డు శ్రీకాకుళం అవతల తెగితే తిరగబడుతుంది: కలకత్తా వెళ్ళాల్సిన లారీలు ఆగిపోయి సరుకు ఇక్కడే దిగిపోతుంది, రేటు పడుతుంది. కాబట్టి తుపాను అనగానే పెరుగుతుందనో తగ్గుతుందనో చెప్పేవాడిని నమ్మకండి, రోడ్డు ఎక్కడ తెగిందో అడగండి.

బర్డ్ ఫ్లూ గురించి కూడా అడిగారు. 2025 ఫిబ్రవరిలో పెరవలి మండలం కానూరులో, తణుకు మండలం వేల్పూరులో తేలింది. అవి రెండూ గోదావరి జిల్లాలు. కానీ విశాఖలో కూడా మర్నాటికల్లా కోడి కొట్లు వెలవెలబోయాయి. తెలంగాణ వాళ్ళు సరిహద్దులో మన కోళ్ళ లారీలు ఆపేశారు, ఆ సరుకంతా వెనక్కి తిరిగింది, రేటు ఇంకా జారింది. 70 డిగ్రీల వేడికి ఆ వైరస్ చచ్చిపోతుంది, మన కూర ఉడికే తీరుకి అది మిగలదు. అయినా పిల్లల తల్లిదండ్రులు ఫోన్లు చేస్తారు కాబట్టి ఆ పది పదిహేను రోజులు మీరు పనీరో పుట్టగొడుగులో పెట్టుకోవడమే తెలివి. చవకగా వస్తోందని ఎక్కువ కొని ఫ్రీజర్లో కుక్కకండి.

ఇప్పుడు ఏడాది కాంట్రాక్టు. వద్దు. నేను చేసి చెడ్డవాణ్ణి. చాలా ఏళ్ళ క్రితం ఒక కాలేజీ హాస్టలు వాళ్ళు జూన్‌లో పిలిచి ఏడాదంతా గుడ్డుకి ఒకటే రేటు అన్నారు. రోజుకి వెయ్యి గుడ్లు కదా అని ఆశపడి సంతకం పెట్టాను. దసరా దాకా బాగానే ఉంది. నవంబరు నుంచి కొన్న రేటు అమ్మిన రేటుని దాటేసింది. జనవరిలో గుడ్డుకి అర్ధ రూపాయి నా జేబులోంచి వేసి పంపాను. ఆఖర్న ఏం చేశానో దాచుకోను, చిన్న గుడ్లు ఏరి పంపడం మొదలెట్టాను. వాళ్ళు కనిపెట్టి రెండు నెలల బిల్లు ఆపారు. తప్పు ఇద్దరిదీ. ఎవడికైనా నష్టానికి అమ్మమంటే వాడు బరువులోనో నాణ్యతలోనో లాక్కుంటాడు, అది లోకం తీరు. మీ సప్లయర్ ఏడాది రేటుకి వెంటనే ఒప్పుకున్నాడంటే ఆ రేటు శిఖరం మీద కట్టాడన్నమాట.

రేటు మాట్లాడకండి, తేడా మాట్లాడండి. "ఆ రోజు విశాఖ నెక్ రేటు ఎంతైతే అంత, దాని మీద వంద గుడ్లకి ఇరవై అయిదు రూపాయలు, సరుకు మా మెస్సుకి తెచ్చి దింపాలి, పగిలినవి అక్కడికక్కడే మార్చాలి" అనండి. ఇరవై అయిదు కాకపోతే ముప్పై. ఆ ఒక్క అంకె మీదే ఎంత బేరమైనా ఆడండి, ఒకసారి కుదిరాక ఏడాది కదపకండి. రేటు ఎక్కినా దిగినా అతనికి దిగులు లేదు, మీకూ రోజూ ఫోన్లో పోట్లాట ఉండదు. చికెన్‌కి కూడా ఇంతే. ఏ లైవ్ రేటుని పట్టుకోవాలో ముందే రాసుకోండి, ఫారం రేటా, కొట్టు రేటా, ఏ రోజుది. శనివారం మధ్యాహ్నం రేటు, ఆదివారం పొద్దుటి రేటు ఒకటి కావు. బిల్లు వారానికి కట్టగలిగితే తేడాలో అయిదు రూపాయలు తగ్గించమనండి, తగ్గిస్తాడు. ఈ వ్యాపారంలో అప్పుకే ఎక్కువ ఖరీదు.

ఆపైన తూకం. గుడ్డు లెక్క మీద కొంటాం గానీ తినేది బరువు. మంచి గుడ్డు 55 గ్రాములు. అట్ట బరువు తీసేసి 30 గుడ్లు 1,600 గ్రాములకి తగ్గాయంటే కొత్తగా పెట్టడం మొదలైన కోళ్ళ గుడ్లు మీకు అంటగట్టాడు. అవి తినడానికి బాగానే ఉంటాయి, కాకపోతే టోకులో వాటికి రేటు తక్కువ. ఆ తగ్గింపు మీకు రావాలి. వేసవిలో నాలుగు గుడ్లు నీళ్ళలో వేసి చూడండి, నిలువుగా లేచి నిలబడితే పాతవి, తేలితే వెనక్కి పంపేయండి. కోడి విషయంలో లైవ్ తూకానికి ముందు కడుపు నిండా మేత, నీళ్ళు పెట్టించే అలవాటు కొందరికి ఉంది. మెడ కింద సంచి ఉబ్బి ఉంటే తెలిసిపోతుంది. మెస్సుకి మీరు కోసిన మాంసమే తూకం వేయించుకుని తీసుకోవడం మంచిది. సైజు కూడా చెప్పండి. తందూరీకి వెళ్ళే కిలో, కిలో పావు కోడికి కిలో రేటు ఎక్కువ. కూరకి మీకు రెండు కిలోలు దాటినవే చాలు, అవి కాస్త తగ్గించి ఇస్తారు. లేయర్ కోడి, అంటే గుడ్డు పెట్టడం అయిపోయిన కోడి, ఇంకా చవక. కానీ అది ఉడకడానికి గ్యాసు తాగుతుంది, ఆ మిగిలింది గ్యాసు బండకే పోతుంది. నాటుకోడికి రేటూ లేదు, పేపరూ లేదు. పాడేరు, అరకు సంతల్లో ఆ పొద్దు కుదిరిన బేరమే.

చివరిది, ఫారం నుంచి నేరుగా. మీకు వారానికి 360 గుడ్లు, అంటే పన్నెండు అట్టలు, రెండు పెట్టెలు కూడా నిండవు. ఆనందపురం వెళ్ళి రావడానికి ఆటోకి ఇచ్చేదీ, గతుకుల్లో పగిలేదీ కలిపితే వంద గుడ్లకి ఇరవై అయిదు రూపాయలు దాటిపోతుంది. పైగా పన్నెండు అట్టలకి ఫారం గేటు తీసి లోపలికి రానివ్వరు. బయటి మనుషులు, బండ్లు తిరిగితే జబ్బులు వస్తాయని భయం, ఆ భయం నిజమే. మూడు మెస్సులు కలిసి వారానికి అయిదు పెట్టెలు ఎత్తగలిగితే అప్పుడు ఒక ట్రాలీ ఆటో మాట్లాడుకుని, గేటు బయటే దింపించుకుని, నెక్ రేటుకి అటూ ఇటూగా తెచ్చుకోవచ్చు. మీ వీధిలోనే ఇంకా రెండు హాస్టళ్ళు ఉన్నాయని రాశారు. వాళ్ళు అట్ట ఎంతకి కొంటున్నారో ముందు అది కనుక్కోండి.